నాక్సోస్ ద్వీపంలో నాలుగు రోజులు: ఏం చూడాలి, ఎలా తిరగాలి, ఏం తినాలి

గ్రీస్ యాత్రకు వెళ్లే మనవాళ్లలో చాలామంది ఏథెన్స్ చూసుకుని, మికొనోస్‌లో ఒక రాత్రి, శాంటోరినిలో రెండు రాత్రులు గడిపి వెనుదిరుగుతారు. ఆ దారిలో వారి పడవ నాక్సోస్ రేవులో కాసేపు ఆగుతుంది గానీ, అక్కడ దిగాలన్న ఆలోచన కొద్దిమందికే వస్తుంది. దిగినవారిలోనూ ఎక్కువమంది ఇసుక తీరానికి వెళ్లి, సాయంత్రం పాలరాతి ద్వారం దగ్గర సూర్యాస్తమయం చూసి, మర్నాడు మరో పడవ ఎక్కేస్తారు. ఈ ద్వీపానికి కనీసం నాలుగు రాత్రులు కేటాయించాలనీ, అందులో సగం సమయం తప్పనిసరిగా కొండల్లోని ఊళ్లకు ఇవ్వాలనీ నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే నాక్సోస్ సొగసు సముద్రం ఒడ్డున మొదలవుతుందే తప్ప అక్కడితో ముగిసిపోదు.

సైక్లడీస్ ద్వీపాలన్నింటిలోకీ విస్తీర్ణంలో పెద్దది నాక్సోస్. దాదాపు 430 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ద్వీపం నడుమ వెయ్యి మీటర్లకు కొద్దిగా మించి లేచిన జాస్ పర్వతం ఆ ద్వీపసమూహానికంతటికీ ఎత్తైన శిఖరం. సముద్రం మీది తేమను ఈ కొండలు నిలబెట్టుకోవడం వల్ల పొరుగు ద్వీపాల కంటే ఇక్కడ నీటి ఊటలు ఎక్కువ. నీళ్లున్నాయి కాబట్టి పచ్చిక, పచ్చిక ఉంది కాబట్టి పాడి, మైదానంలో బంగాళాదుంప చేలు, లోయల్లో ఆలివ్ తోటలు ఉన్నాయి. పర్యాటకం రాకముందు కూడా తన తిండి తాను పండించుకున్న నేల ఇది. ఇక్కడ చూడవలసినవీ తినవలసినవీ ఒకదానికొకటి ముడిపడి ఉండటానికి కారణం అదే.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా చేరాలి

మే చివరి వారం నుంచి జూన్ నెలాఖరు వరకు ఒక మంచి కాలం, సెప్టెంబర్ మొదలుకొని అక్టోబర్ మొదటి వారం వరకు మరొకటి. ఈత ముఖ్యమనుకుంటే సెప్టెంబర్‌నే ఎంచుకోవాలి, ఎందుకంటే వేసవంతా కాగిన సముద్రం అప్పటికి హాయిగా ఉంటుంది. కొండల్లో నడక ముఖ్యమైతే పూలు ఇంకా వాడిపోని మే నెల మేలు. జూలై, ఆగస్టు నెలల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే పొడిగాలి రోజుల తరబడి వీస్తుంది. ఎండ తీవ్రతను అది తగ్గించినా, తీరంలో ఇసుకను ఎగజల్లుతుంది, పడవల రాకపోకలకూ ఆటంకం కలిగిస్తుంది. ఆగస్టు 15న మరియమాత పండుగ గ్రీస్ అంతటా జరుగుతుంది. ఆ వారంలో గదులు, టిక్కెట్లు దొరకడం కష్టం. అయితే ఫిలోటి గ్రామంలో ఆ పండుగకు వీధుల్లో వాద్యాలు, నాట్యాలు సాగుతాయి కనుక, ముందే ఏర్పాట్లు చేసుకోగలిగినవారికి ఆ రద్దీ భరించదగ్గదే.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా అవసరం. యాత్రలో ఎక్కువ రోజులు గ్రీస్‌లోనే గడిపేటట్లయితే గ్రీస్ తరఫునే దరఖాస్తు చేయాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. కారు గానీ స్కూటర్ గానీ అద్దెకు తీసుకుని నడపాలనుకునేవారు బయలుదేరేముందే మన ఆర్టీఓ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. మన లైసెన్సు ఒక్కటే చూపిస్తే అద్దె కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. ఒకవేళ ఒప్పుకున్నా, ప్రమాదం జరిగితే బీమా వర్తించకుండా పోయే ప్రమాదం ఉంది.

ఏథెన్స్ విమానాశ్రయం నుంచి మెట్రో నేరుగా పిరేయస్ రేవుకు వెళ్తుంది, దాదాపు గంట ప్రయాణం. అక్కడి నుంచి పెద్ద ఓడలో నాక్సోస్‌కు ఐదు గంటల పైచిలుకు పడుతుంది. వేగంగా వెళ్లే పడవలు ఇంతకంటే ముందే చేరుస్తాయి గానీ వాటి ధర ఎక్కువ, పైగా గాలి ఉధృతమైతే ముందుగా రద్దయ్యేవి అవే. సముద్ర ప్రయాణానికి కడుపు తిప్పే స్వభావం ఉన్నవారు కాస్త ఆలస్యమైనా పెద్ద ఓడనే ఎంచుకోవాలి. పైగా బయటి డెక్ మీద కూర్చుని ఒక్కొక్క ద్వీపమే దాటుతూ వెళ్లడం యాత్రలో విలువైన భాగం. పిరేయస్ చాలా పెద్ద రేవు కాబట్టి టిక్కెట్టు మీద రాసిన గేటు నంబరు ముందే చూసుకుని, ఓడ బయలుదేరడానికి ముప్పావు గంట ముందే చేరుకోవాలి. ఎక్కేటప్పుడు పెట్టెలను ద్వీపం పేరు రాసి ఉన్న అరలో పెట్టాలి. మధ్యలో పారోస్ వచ్చిందంటే నాక్సోస్ ఇంకో గంటలోపే ఉన్నట్టు లెక్క. రేవులో ఓడ ఆగేది కొద్ది నిమిషాలే కాబట్టి, ప్రకటన వినబడగానే కింది అంతస్తుకు దిగి సిద్ధంగా ఉండాలి. ఏథెన్స్ నుంచి చిన్న విమానాలూ ఉన్నాయి, ప్రయాణం ముప్పావు గంటలోపే.

హోరా: రేవు, ద్వారం, కోట

ద్వీపంలోని ముఖ్య పట్టణాన్ని హోరా అంటారు. రేవులోకి ఓడ వస్తుండగానే ఎడమవైపు చిన్న దిబ్బ మీద ఒంటరిగా నిలబడిన పాలరాతి ద్వారబంధం కనిపిస్తుంది. దాని పేరు పోర్టారా. క్రీ.పూ. 530 ప్రాంతంలో లిగ్డామిస్ అనే పాలకుడు అపోలో దేవుడికి పెద్ద ఆలయం తలపెట్టాడు. అతని పాలన కూలిపోవడంతో కట్టడం అసంపూర్తిగా ఆగిపోయింది. తర్వాతి కాలంలో వచ్చినవారు ఆ ఆలయపు రాళ్లను తమ కట్టడాలకు తరలించుకుపోయారు గానీ, ఒక్కొక్కటీ టన్నుల కొద్దీ బరువున్న ఈ ద్వారపు రాళ్లు మాత్రం నిలిచిపోయాయి. సుమారు ఆరు మీటర్ల ఎత్తున్న ఈ ద్వారం దగ్గరకు రేవు నుంచి సన్నని గట్టు దారి మీదుగా పది నిమిషాల్లో నడిచి వెళ్లవచ్చు, టిక్కెట్టు లేదు. సాయంత్రం జనం కిక్కిరిసి ఉంటారు కనుక, సూర్యాస్తమయం ఒకసారి చూసినా, తెల్లవారుజామున మరోసారి వెళ్లాలి. గుమ్మం రాళ్లను ఎత్తడానికి పనివారు విడిచిన మొనలు ఇంకా చెక్కేయకుండా అలాగే ఉండటం అప్పుడు తీరిగ్గా గమనించవచ్చు.

పట్టణం పైభాగంలో ఉన్న కాస్ట్రో వెనిస్ వారి కోట. 1207లో మార్కో సనూడో అనే వెనిస్ ప్రభువు ఈ ద్వీపాన్ని గెలుచుకుని, చుట్టుపక్కల ద్వీపాలన్నింటినీ కలిపి ఏలిన డచీకి (డ్యూక్ అనే ప్రభువు పాలించే రాజ్యానికి) దీన్ని రాజధానిగా చేసుకున్నాడు. 1566లో ఒట్టోమన్ తుర్కుల అధీనంలోకి వెళ్లేదాకా ఆ డచీ సాగింది. కోట లోపల కాథలిక్ ప్రభు కుటుంబాలు, దిగువన బూర్గోస్ పేటలో ఆర్థడాక్స్ గ్రీకులు నివసించారు. నేటికీ పై ఇళ్ల గుమ్మాల మీద ఆ కుటుంబాల రాజచిహ్నాలు పాలరాతిలో చెక్కి కనిపిస్తాయి. ఇక్కడ మ్యాప్ పట్టుకుని తిరగడం కంటే, వీధి ఎటు ఎక్కితే అటు ఎక్కుతూ పోవడమే మంచి పద్ధతి, ఎందుకంటే పైకి ఎక్కితే కోట నడిబొడ్డుకూ, కిందికి దిగితే రేవుకూ చేరక తప్పదు. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు వరకు ఊరు నిద్రపోతుంది. ఆ వేళ ఇళ్ల పక్క గట్టిగా మాట్లాడకుండా నడవడం మర్యాద.

కొండ ఊళ్లు

ఈ ద్వీపానికి వచ్చి కొండలు ఎక్కనివారు సగం కూడా చూడనట్లే అని నేను ఏమాత్రం సంకోచించకుండా చెబుతాను. రేవు పక్కనే బస్సుల స్టాండు ఉంది. హల్కి, ఫిలోటి, అపీరాంథోస్ ఊళ్లకు అక్కడి నుంచి బస్సులు ఉన్నాయి గానీ, ఆదివారాల్లో బాగా తగ్గిపోతాయి. ఉత్తర కొసన ఉన్న అపొల్లోనాస్‌కైతే వేసవిలోనూ రోజుకు కొద్దిపాటి బస్సులే. టిక్కెట్టు ఎక్కేముందే కొనాలి. నా సలహా ఏమిటంటే, తీరానికి వెళ్లే రోజుల్లో బస్సు వాడుకుని, కొండల కోసం రెండు రోజులు కారు అద్దెకు తీసుకోవాలి. మనకు అలవాటైన దానికి భిన్నంగా అక్కడ రోడ్డుకు కుడివైపున నడపాలి. కొండ మలుపులు ఇరుకు, మేకల మందలు అడ్డం వస్తుంటాయి. పెట్రోలు బంకులు ఎక్కువగా హోరా చుట్టుపక్కలే ఉంటాయి కాబట్టి ట్యాంకు నింపుకునే బయలుదేరాలి. పెద్ద కారు తీసుకుంటే ఊళ్లలో నిలుపుకోవడానికి చోటు దొరకదు. కారును ఊరి బయటే ఆపి లోపలికి నడవాలి.

మొదటి మజిలీ హల్కి. పూర్వం ద్వీపానికి ముఖ్య పట్టణమైన ఈ ఊరు త్రాగేయా అనే ఆలివ్ లోయ నడుమ ఉంది. 1896లో మొదలైన వల్లింద్రాస్ బట్టీ ఇక్కడి చూడదగ్గ చోట్లలో ఒకటి. మన దబ్బకాయ జాతికి చెందిన కిట్రో చెట్టు ఆకులతో వీరు కిట్రోన్ అనే మద్యం తీస్తారు. అందరూ అనుకున్నట్టు కాయతో కాదు, ఆకులతోనే. ఆకులను ఆల్కహాల్, నీళ్లలో నానబెట్టి రాగి బట్టీలో కాచి, ఆవిరిని చల్లార్చి పట్టిన ద్రవానికి చక్కెర కలుపుతారు. ఆ పాత రాగి బట్టీని, పక్కన పేర్చిన సీసాలను సందర్శకులకు చూపించి, కొద్దికొద్దిగా రుచి కూడా చూపిస్తారు. ఆకుపచ్చ రంగుది తీపి ఎక్కువ, ఘాటు తక్కువ. పసుపుది ఘాటైనది, తీపి తక్కువైనది. రంగులేనిది ఈ రెంటికీ మధ్యస్థం. మద్యం ముట్టనివారు అదే కిట్రో కాయ తొక్కను చక్కెర పాకంలో ఉడికించిన తీపిని అడిగి తీసుకోవచ్చు. చిన్న గాజు పళ్లెంలో ఒక చెంచాడు పెట్టి, పక్కన చల్లటి నీళ్ల గ్లాసుతో అందించే ఈ మర్యాద గ్రీకు ఇళ్లలో పాతకాలం నుంచి ఉంది.

హల్కి నుంచి కాలిబాటలో ఆలివ్ చెట్ల మధ్యగా కొద్దిసేపు నడిస్తే అయియోస్ యోర్యోస్ డియాసోరితిస్ అనే చిన్న బైజాంటిన్ (మధ్యయుగపు తూర్పు రోమన్ సామ్రాజ్య కాలపు) చర్చి వస్తుంది. ఇదే లోయలో, మోని గ్రామం దిగువన ఉన్న పనయియా ద్రోసియాని మరింత ప్రాచీనం; అది ఆరో శతాబ్దపు కట్టడమని పండితుల అంచనా. బయటి నుంచి చూస్తే రాళ్లు పేర్చిన గుట్టలా, మూడు చిన్న గోపురాలతో నేలకు అంటుకుని ఉంటుంది. లోపల చీకటికి కళ్లు అలవాటు పడ్డాక, గుమ్మటం లోపలి వైపు ఏడో శతాబ్దపు చిత్రాల్లో క్రీస్తు రూపం ఒకటి కాక రెండు పక్కపక్కన కనిపిస్తాయి: ఒకటి గడ్డంతో, మరొకటి యౌవనంలో. అది నేటికీ పూజ జరిగే మందిరం కాబట్టి భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి, ఫొటోలకు అనుమతి అడగాలి. కొవ్వొత్తి వెలిగించి పెట్టెలో నాణెం వేయడం అక్కడి ఆచారం.

తర్వాతి ఊరు ఫిలోటి, జాస్ పర్వతం పాదాన ఉంది. శిఖరం ఎక్కాలనుకునేవారికి రెండు దారులున్నాయి. ఊరికి దగ్గర్లోని ఆరియా ఊట దగ్గర మొదలయ్యే దారి నిటారుగా ఉండి, జ్యూస్ దేవుడు పెరిగాడని చెప్పే గుహ పక్కగా పోతుంది. గుహ దాటాక రాళ్లు జారుతుంటాయి. రెండోది డనాకోస్ రోడ్డు వైపు అయియా మరీనా అనే చిన్న మందిరం దగ్గర మొదలవుతుంది. ఇది సులువు, పిల్లలతోనూ వెళ్లవచ్చు, గంటన్నరలోపే పైకి చేరవచ్చు. ఈ రెండో దారిలో ఒక బండరాయి మీద, మందలను కాచే జ్యూస్ పర్వతానికి ఇది హద్దు అనే అర్థం వచ్చే ప్రాచీన శాసనం ఉంది. పక్కనే గంటలు కట్టిన మేకలు మేస్తుంటాయి కాబట్టి ఆ మాట నేటికీ చెల్లుతోందనిపిస్తుంది. ఉదయం ఎనిమిదిలోపే బయలుదేరాలి. చెట్టు నీడ లేదు, దారిలో నీళ్లు దొరకవు, పైన గాలి తోసేస్తుంది. చెప్పులతో ఎక్కకూడదు.

అపీరాంథోస్ ఇక్కడికి మరికొంత ఎత్తున, జాస్ పర్వతానికి ఈశాన్యపు వాలులో ఉంది. వీధులన్నీ పాలరాతి పలకలు పరిచినవే కాబట్టి వాన పడ్డాక నడవడం జాగ్రత్త. ఈ ఊరికి, దీని ఉత్తరాన ఉన్న కొరోనోస్‌కు బతుకుతెరువు ఇచ్చింది ఎమరీ, అంటే కురువిందం కలిసిన నల్లటి గట్టి రాయి. ప్రాచీన శిల్పులు పాలరాయిని నునుపు చేసింది దీనితోనే. ఆధునిక కాలంలో కొండ గనుల్లో తవ్విన రాయిని తూర్పు తీరంలోని మూత్సూనా రేవుకు దించడానికి 1920లలో తీగల మీద నడిచే తొట్ల మార్గం కట్టారు. అది మూతపడి చాలా ఏళ్లయినా, ఇనుప స్తంభాలు, వేలాడుతున్న తొట్లు కొండవాలుల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. అపీరాంథోస్ నుంచి మూత్సూనాకు మలుపులు తిరుగుతూ దిగే రోడ్డు ఆ స్తంభాల పక్కగానే పోతుంది. దిగువన రేవు ఒడ్డునే చేపల టావెర్నాలు (చిన్న భోజనశాలలు) ఉన్నాయి కనుక మధ్యాహ్న భోజనం అక్కడికి కుదిరేటట్టు చూసుకోవచ్చు.

ఈ ఊరివాళ్లు ఆశువుగా ప్రాసతో ద్విపదలు అల్లుకుంటారు. వాటిని కొత్సాకియా అంటారు. కొందరు స్త్రీలు ఇప్పటికీ మగ్గం మీద నేస్తారు. 1941 మే 30న మరో యువకుడు అపొస్తొలోస్ సాంతాస్‌తో కలిసి ఏథెన్స్ అక్రొపొలిస్ మీదికి ఎక్కి నాజీ జెండాను దించిన మనోలిస్ గ్లెజోస్ ఈ ఊరిలో పుట్టినవారే. తర్వాత 1980లలో ఈ ఊరి పెద్దగా ఎన్నికై, నిర్ణయాలన్నీ గ్రామసభలోనే జరిగే పద్ధతిని ప్రయోగించి చూశారు. ఊరి చిన్న మ్యూజియాల్లో ఒకటి రెండు చూసి, మెట్ల పక్కన బల్లలు వేసిన కాఫీ దుకాణంలో గంటసేపు కూర్చోవడం ఇక్కడ మంచి కాలక్షేపం.

పాలరాతిలో ఆగిపోయిన పని

నాక్సోస్ పాలరాయి ముతక స్ఫటికాలతో తళుక్కుమంటుంది. డెలోస్ ద్వీపంలోని సింహాలు, డెల్ఫీలోని స్ఫింక్స్ (స్త్రీ తల, సింహపు ఒళ్లు ఉన్న విగ్రహం) ఈ ద్వీపవాసులు సమర్పించినవే. పూర్తయినవి అలా బయటికి పోగా, పగుళ్లు బయటపడి వదిలేసినవి గనుల్లోనే ఉండిపోయాయి. మెలానెస్ దగ్గరి ఫ్లేరియోలో ఐదారు మీటర్ల యువకుడి విగ్రహం చెట్ల నీడన పడుకుని ఉంటుంది. కొంచెం పైకి నడిస్తే రెండోది ఉంది.

అన్నిటికంటే పెద్దది ఉత్తర కొసన అపొల్లోనాస్ ఊరి పైభాగంలో ఉంది. రోడ్డు పక్కన కొన్ని మెట్లు ఎక్కితే పది మీటర్లకు పైగా పొడవున్న విగ్రహం వెల్లకిలా పడుకుని కనిపిస్తుంది. రెండు వేల అయిదు వందల ఏళ్ల కిందట శిల్పులు దాన్ని కొండ నుంచి విడదీసే పనిలో ఉండగా ఆపేశారు. గడ్డం ఉన్న ముఖం కాబట్టి ఇది ద్రాక్షసారా దేవుడు డయోనిసస్ అని ఎక్కువమంది భావిస్తారు. దగ్గరికి వెళ్లి చూస్తే ముఖంలో కళ్లు, ముక్కు ఇంకా తీర్చలేదు. గడ్డం ఒక చదునైన దిమ్మ. మోచేతుల దగ్గర ముందుకు చాచిన రెండు మొండి దుంగలు. ఒంటి పొడవునా ఉలి మొనతో కొట్టిన గుంటలు వరుసగా ఉన్నాయి. అడ్డంగా లోతైన పగుళ్లు పోయాయి. చేత్తో తడిమితే ఆ గుంటలు వేలికి తెలుస్తాయి గానీ, మీదికి ఎక్కి కూర్చోకూడదు. హోరా నుంచి ఇక్కడికి కొండల మీదుగా వెళ్లి, పశ్చిమ తీరపు రోడ్డులో తిరిగి వస్తే ఒక రోజు నిండుగా సరిపోతుంది.

దక్షిణాన సాంగ్రీ దగ్గర పొలాల మధ్య ఉన్న డిమీటర్ ఆలయాన్ని నేను పోర్టారా కంటే పై స్థానంలో పెడతాను. డిమీటర్ ధాన్యపు దేవత. ఆమె గుడి పండే నేల మధ్యలోనే ఉంది. క్రీ.పూ. 530 ప్రాంతంలో పూర్తిగా పాలరాతితో కట్టారు. పైకప్పు పెంకులు కూడా పాలరాతివే కావడంతో పల్చటి రాయి గుండా వెలుగు లోపలికి వడిసి దిగేది. పాలరాతి పెంకులు మొదట చేసింది నాక్సోస్‌కు చెందిన బీజెస్ అని ప్రాచీన యాత్రికుడు పౌసానియస్ చెప్పాడు. తర్వాత ఇది క్రైస్తవ మందిరమైంది. దొరికిన రాళ్లతో దాన్ని ఇరవయ్యో శతాబ్దం చివర్లో మళ్లీ కొంత నిలబెట్టారు. తెల్లగా మెరిసే కొత్త రాయి ఏదో, తేనెరంగు తేలిన పాత రాయి ఏదో కంటికి స్పష్టంగా తెలుస్తుంది. పక్కన చిన్న మ్యూజియం ఉంది. ఎండ దిగేవేళ వెళ్లాలి, కానీ మూసే సమయం ముందే తెలుసుకోవాలి.

సముద్ర తీరం

తీరాల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు, ఎందుకంటే పశ్చిమ తీరం పొడవునా మంచివే. హోరా నుంచి నడిచి వెళ్లగలిగేది అయియోస్ యోర్యోస్. నీళ్లు చాలా దూరం లోతు లేకుండా ఉంటాయి కాబట్టి చిన్నపిల్లలకు అనువైనది. దక్షిణంగా పోతే అయియోస్ ప్రొకోపియోస్, అయియా ఆన్నా, ఆపైన నాలుగు కిలోమీటర్ల ప్లాకా వరుసగా వస్తాయి. బస్సు అన్నిటి దగ్గరా ఆగుతుంది. గాలితో ఆడే క్రీడలు నేర్చుకోవాలంటే మిక్రీ విగ్లా, ఏకాంతం కావాలంటే జూనిపర్ అనే సూదాకు పొదలున్న అలికో వెళ్లాలి. అలికోలో అసంపూర్తిగా వదిలేసిన హోటల్ గోడల మీద బొమ్మలు గీశారు. అది శిథిలం కాబట్టి లోపలికి వెళ్లేటప్పుడు జాగ్రత్త అవసరం. గొడుగు, పడక కుర్చీ తీసుకుంటే డబ్బు కట్టాలి. సొంత తువ్వాలు పరచుకుని కూర్చోవడానికి ఏమీ కట్టనక్కరలేదు.

ఏం తినాలి, ఎలా అడగాలి

నాక్సోస్ భోజనంలో మొదటి స్థానం బంగాళాదుంపది. ఐరోపా సమాఖ్య 2011లో దీనికి భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. ఏ టావెర్నాలోనైనా ఫ్రైస్ అడిగితే చేత్తో తరిగి, ఆలివ్ నూనెలో వేయించి, పైన చీజ్ తురిమి తెచ్చే చోట్లు ఎక్కువ. గడ్డకట్టించిన ముక్కలు పెట్టే చోట మరి తినవద్దు. రెండోది గ్రావియేరా. ప్రధానంగా ఆవుపాలతో చేసే ఈ గట్టి, తియ్యని చీజ్‌కు 1996 నుంచి రక్షిత గుర్తింపు ఉంది. గొర్రె, మేక పాలతో చేసే అర్సెనికో కారంగా, ఉప్పగా ఉంటుంది. పుల్లని మెత్తని జినోమిజిత్రాను ఇక్కడి సలాడ్ మీద ఫెటా చీజ్‌కు బదులు వేస్తారు. టమాటా, దోసకాయ, ఆలివ్ నూనెతో దాన్ని రొట్టెకు అద్దుకుని తినడం ఎండవేళ కడుపుకు హాయి. హోరా పాత దుకాణాల్లో అడిగితే ఒక్కొక్క ముక్క కోసి రుచి చూపిస్తారు.

మాంసం తినేవారు రోస్టో అడగాలి. పంది మాంసంలో వెల్లుల్లి రెబ్బలు గుచ్చి, టమాటా, వైన్ పోసి చాలాసేపు ఉడికించే వంటకం అది. వంకాయ మీద గొడ్డుమాంసం, పైన గ్రావియేరా పెట్టి కాల్చే కలోగెరోస్ కూడా ద్వీపపు ప్రత్యేకతే. గొడ్డుమాంసం, పంది మాంసం వద్దనుకునేవారు మేక, కోడి వంటకాలు అడగవచ్చు. చేపలను చాలా చోట్ల కిలో లెక్కన అమ్ముతారు. కాబట్టి లోపలికి వెళ్లి చేపను ఎంచి, తమ ముందే తూయించి, ధర విన్న తర్వాతే వండమనాలి. అడగడానికి మొహమాటపడనక్కరలేదు, అక్కడి వారు చేసేదీ అదే. చిన్న చేపల వేపుడు తక్కువ ధరకే దొరుకుతుంది.

శాకాహారులకు గ్రీస్ ఎడారి అన్న అపోహ మనలో ఉంది. ఆర్థడాక్స్ క్రైస్తవులు ఏడాదిలో చాలా రోజులు మాంసం, పాలు, గుడ్లు ముట్టని ఉపవాసాలు ఉంటారు. అందువల్ల ‘నిస్తీసిమో’ (ఉపవాస వంట) అంటే ఏమిటో వంటవారికి బాగా తెలుసు. ఆ మాట అడిగినప్పుడు రొయ్య, ఆక్టోపస్ వంటివి అందులో చెల్లుతాయని గుర్తుంచుకుని, ‘హోరీస్ క్రేయాస్, హోరీస్ ప్సారి’, అంటే మాంసం వద్దు, చేప వద్దు అని కూడా చెప్పాలి. లదేరా అనే పేరుతో ఆలివ్ నూనెలో ఉడికించిన కూరలు చాలా ఉన్నాయి: టమాటాతో చిక్కుళ్లు, ఓవెన్‌లో కాల్చిన వంకాయ, గుమ్మడి, బంగాళాదుంపల బ్రియామ్, బియ్యం కూరిన టమాటాల గెమిస్తా, పెద్ద బీన్స్ యిగాంతెస్, బట్టీలో ఉడికించిన శనగల రెవిథియా, నిమ్మరసం పిండిన ఆకుకూర హోర్తా. మన ముద్దపప్పులా మెత్తగా ఉడికించి, పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె వేసే ఫావా ఇంటి భోజనం మీద బెంగను కొంత తీరుస్తుంది. గెమిస్తాలో కొన్నిచోట్ల మాంసం కూరతారు కాబట్టి అది తప్పక అడగాలి. నియమంగా ఉండే శాకాహారులు తెలుసుకోవలసింది మరొకటి ఉంది. సంప్రదాయ చీజ్‌లకు పాలు విరగ్గొట్టడానికి దూడ, గొర్రెపిల్ల పొట్ట నుంచి తీసిన రెనెట్ వాడటం పరిపాటి. మిరప కారం మాత్రం ఆశించకూడదు. ఇక్కడి రుచి నిమ్మ, ఒరెగానో, మంచి నూనెల మీద ఆధారపడుతుంది.

మధ్యాహ్న భోజనం రెండు తర్వాత, రాత్రి భోజనం తొమ్మిది తర్వాత మొదలవుతుంది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పళ్లెం తెప్పించుకోవడం కంటే నాలుగైదు రకాలు బల్ల మధ్యలో పెట్టించుకుని పంచుకోవడమే అక్కడి పద్ధతి, వడ్డన పరిమాణమూ పెద్దది. అడగకుండా వచ్చిన రొట్టెకు చిన్న మొత్తం బిల్లులో కలుస్తుంది. కాఫీ విషయానికి వస్తే, చక్కెర లేకుండా ‘స్కెతోస్’, మధ్యస్థంగా ‘మెత్రియోస్’, తియ్యగా ‘గ్లికోస్’ అని ముందే చెప్పాలి, ఎందుకంటే చక్కెర కాచేటప్పుడే వేస్తారు. అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి కలపకుండా మెల్లగా తాగి, చివరి గుక్క వదిలేయాలి. గ్రీకులు గంటల తరబడి ఒకే కప్పుతో కూర్చుంటారు. బిల్లు అడిగేదాకా తేకపోవడం నిర్లక్ష్యం కాదు, గౌరవం.

బయలుదేరే ముందు

పైపులు సన్నవి కావడం వల్ల చాలా చోట్ల టాయిలెట్ కాగితాన్ని కమోడ్‌లో వేయకూడదు, పక్కనున్న బుట్టలో వేయాలి. కార్డులు దాదాపు అన్నిచోట్లా చెల్లినా, కొండ ఊళ్లలో కొంత నగదు దగ్గరుంచుకోవాలి. గది అద్దెతో పాటు ప్రభుత్వ రుసుము రోజువారీగా వసూలు చేస్తారు, అది ముందే చెల్లించిన మొత్తంలో లేకపోవచ్చు. అత్యవసర సహాయానికి 112.

ఇంటికి తేదగ్గవి గ్రావియేరా ముక్క, కిట్రోన్ సీసా, ఎండబెట్టిన ఒరెగానో, అపీరాంథోస్ నేత బట్ట. చీజ్‌ను గాలి తీసి ప్యాక్ చేయమని అడగాలి, సీసాను విమానంలో సామాను పెట్టెలోనే పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నాక్సోస్ నుంచి తిరిగొచ్చే పడవనూ అంతర్జాతీయ విమానాన్నీ ఒకే రోజున పెట్టుకోకూడదు. మెల్తెమి ఉధృతమైతే రేవు అధికారులు ఓడలను కదలనివ్వరు, అది ఎవరి చేతిలోనూ ఉండదు. ఏథెన్స్‌లో ఒక రాత్రి అదనంగా ఉంచుకుని, ఓడ టిక్కెట్టు కొన్నప్పుడు ఫోన్ నంబరు ఇస్తే, మార్పులు జరిగినప్పుడు కంపెనీ సందేశం పంపుతుంది.